మజ్జలోని బీజములు

ఎముక యనగానే ఎండిన కొయ్య వంటి జడపదార్థమని పలువురు తలంతురు. కాని అది సజీవమైనది. పెద్దవారి అస్థిపంజరమున ఏటేటా సుమారు పదవ వంతు పాత యెముక కరగి, దాని స్థానమున క్రొత్త యెముక చేరుచుండును. కరగించు కణములు వేరు, కట్టు కణములు వేరు. కట్టెడి వానికి అస్థినిర్మాణ కణములని పేరు. వీని ఆయువు కొన్ని నెలలు మాత్రమే. అట్లయిన ఎనుబదియేండ్ల వృద్ధుని దేహమున గూడ ఇవి ఎక్కడనుండి పుట్టుచున్నవి?

ఆయుర్వేదము సప్తధాతువులను వర్ణించుచు అస్థినుండి మజ్జ పుట్టునని చెప్పినది. మజ్జనుండి అస్థియు పుట్టగలదని నేటి శాస్త్రము చూపినది. దీనిని నిరూపించినవారిలో మాస్కో నగరమున పరిశోధనలు చేసిన అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ ముఖ్యుడు. 1960 దశకమున ఆయన సహచరులతో గూడి, మజ్జకణములను ఒక చిన్న డబ్బీలో నింపి జంతువు ఉదరకుహరమున అమర్చెను. ఆ డబ్బీకి మూతగా నున్న పొరలో అతి సూక్ష్మములైన రంధ్రములు కలవు. వానిగుండ పోషక ద్రవములు పోగలవు గాని కణములు దాటజాలవు. కొంతకాలమునకు తీసి చూడగా డబ్బీలో ఎముక యేర్పడియుండెను! బయటి కణమేదియు లోనికి రాలేదు గదా. కావున దానిని కట్టినవి ఆ మజ్జకణములే.

అయితే మజ్జలోని కణములన్నిటికిని ఈ శక్తి లేదు. గినీపంది మజ్జను గాజుపాత్రలో పెంచగా రక్తకణములు ద్రవమున తేలిపోయెను. బహు కొద్ది కణములు మాత్రము అడుగున అంటుకొని, ఒక్కొక్కటియు కదురు ఆకారము గల కణముల గుంపుగా పెరిగెను. ఈ ఫలితములు 1970లో వెలువడెను. అట్టి గుంపులకు మొదలైన వానిలో మూలకణములు కలవు. పదివేలు మొదలు లక్ష మజ్జకణములలో ఒక్కటి మాత్రమే ఇట్టిది.

మూలకణము అస్థినిర్మాణ కణముగా మారుటకు దానిలో రంక్స్-2 అను జన్యువు మేల్కొనవలెను. 1997లో జపాను శాస్త్రజ్ఞుడు తోషిహిసా కొమోరి, ఆయన బృందము ఈ జన్యువు లేని ఎలుకలను పుట్టించి చూచిరి. వాని అస్థిపంజరము మృదులాస్థిగనే నిలిచిపోయెను, ఎముక యేర్పడలేదు. పాపము, అవి ఊపిరి పీల్చజాలక పుట్టినంతనే చనిపోయెను.

జన్యువు మేల్కొన్న పిదప కణము కొల్లాజెన్ అను మాంసకృత్తును దారములుగా పరచును. తడికకు మట్టి మెత్తినట్లు, ఆ దారములపై కాల్షియము, భాస్వరముల లవణములు పేరుకొనును. కొన్ని కణములు తాము కట్టిన గోడలోనే చిక్కుకొని, సన్నని కొమ్మలతో ఒండొంటిని తాకుచు ఏండ్ల తరబడి జీవించును.

ఇదే మూలకణము కొవ్వుకణముగను మారగలదు. వయసు మీరినకొలది ఇది ఎముకకంటె కొవ్వువైపే మొగ్గును. అందుచే మజ్జ పసుపువన్నె దాల్చును, ఎముక గుల్లబారును, చిన్నపాటున పడినను తుంటి విరుగును. ఎటు మొగ్గవలెనో నిర్ణయించుటలో దేహము మోయు బరువునకును పాలు కలదు. బరువు తెలియని రోదసిలో వ్యోమగాముల కాళ్లు, తుంటి మొదలగు చోట్ల నెలకు నూటికి ఒక పాలు ఎముక తరుగును. అందుచేతనే వారు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున ప్రతిదినము సుమారు రెండు గంటలు వ్యాయామము చేయుదురు.