గొంతువాపునకు క్రొత్త టీకా వచ్చువఱకు ఆగవచ్చునా?

మృగశిర కార్తె సమీపించినదనగా మంజీర యొడ్డు గ్రామములలో గేదెలకు గొంతువాపు భయము మొదలగును. సాయంకాలము మేసి వచ్చిన గేదె తెల్లవాఱునప్పటికి గొంతు వాచి, గురకపెట్టి, మధ్యాహ్నములోపల చచ్చుట పెక్కురు రైతులెఱుంగుదురు. చికిత్సకు వ్యవధి యుండదు. ముందుగా వేయించిన టీకాయే శరణ్యము. అయినను కొందఱు సభ్యులు "క్రొత్త విధమగు టీకా వచ్చుచున్నదట, అప్పుడు వేయింతుము" అని మాతో ననుచున్నారు. ఈ మాటను విచారింతము.

ఇప్పుడు వేయు టీకా, పాశ్చరెల్లా మల్టోసిడా అను క్రిమిని పెంచి, ఫార్మలినుతో జంపి, పటికగాని నూనెగాని చేర్చి చేసినది. పటిక చేర్చినది 4 మొదలు 6 నెలలు, నూనె చేర్చినది ఏడాదివఱకు కాపాడును.

క్రొత్త పద్ధతిలో క్రిమి యంతటితో పని లేదు. దాని దేహమందలి యొక్క మాంసకృత్తు చాలును. దానిని పుట్టించు జన్యువును తీసి, నిరపాయమగు ఈస్టులోనో మఱియొక సూక్ష్మజీవిలోనో చొప్పింతురు. చెఱకు మడ్డిని ఈస్టు పులియజేయుట బోధను ప్రాంతమువారికి మేము చెప్పనక్కఱలేదు. శక్కర్‌నగరు కర్మాగారము 2015లో మూతపడినను ఆ మడ్డివాసన పెద్దలు మఱవలేదు. దానికి జ్ఞాతియగు వేఱొక ఈస్టు తొట్లలో పెరుగుచు, కోరిన మాంసకృత్తును మనకు తయారుచేసి యిచ్చును. హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ 1997లో మనుష్యుల హెపటైటిస్-బి టీకాను ఇట్లే చేసినది. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారు పందుల బద్దెపురుగునకు ఇట్టి టీకానే చేసిరి. పందులతో మనకేమి పని యందురేమో. విద్య యొక్కటియే గదా.

బాక్టీరియా రోగములయెడ పని కఠినతరము. దొమ్మరోగము కొంత సుళువు. ఆ క్రిమి విషమునకు మూడు భాగములు. అందొకటి పశువు కణముల ద్వారము తెఱచి తక్కిన రెండింటిని లోనికి పంపును. ఆ యొక్క భాగమునే టీకాగా ఇచ్చినచో హాని లేదు. పిమ్మట నిజమైన విషము వచ్చినను ద్వారము తెఱువబడదు. గొంతువాపు క్రిమి యట్లు గాదు. దాని పొరలలో మాంసకృత్తులు పలువిధములు. ఏది గేదెను కాపాడునో తేలవలెను; ఎలుకను కాపాడినది గేదెను కాపాడునని నమ్మరాదు. పైగా శుద్ధమైన మాంసకృత్తు ఒంటిగా బలహీనము, పటికవంటి తోడు కావలెను.

క్రొత్తదాని యక్కఱ మిక్కిలి కనబడునది పశువులు ఈసుకుపోవు బ్రూసెల్లా రోగమున. ఇప్పటి ఎస్-19 టీకాలో క్రిమి సజీవము. అందుచే 4 మొదలు 8 నెలల పెయ్యలకే వేయుదురు. చూలు పశువునకు కూడదు. వేయువాని చేతికి సూది గ్రుచ్చుకొన్న నతనికే జ్వరము రావచ్చును. మాంసకృత్తు టీకా సిద్ధించినచో ఈ భయము తొలగును.

అంతవఱకు వేచియుండుట మా మతము గాదు. రానున్న టీకా పేరు చెప్పి ఈ యేటి గేదెను పోగొట్టుకొనుట యేటి లెక్క? వానలకు మూడు నాలుగు వారములు ముందే సంఘసభ్యులందఱు ఒక్క దినమున పశువులను తోలుకొని రావలెను. టీకాసీసాలను మంచుపెట్టెలో తెప్పింపుడు, కాని గడ్డకట్టనీయకుడు. గడ్డకట్టిన పటిక టీకా పనికిరాదు.