మగ్గపు ఇంట కరెంటు – పాటించవలసిన జాగ్రత్తలు

నేత సోదరులకు, కండెలు చుట్టే తల్లులకు మనవి.

గోడకున్న చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల వద్ద అది మోయగలది 1380 వాట్లే. దీపము, ఫ్యాను, కండెల చిన్న మోటారు కలిసినా అంత కావు. 1500 వాట్ల నీళ్ల హీటరు ఒక్కటి తగిలించినా హద్దు దాటును. తీగె కాగి తొడుగు కరుగును. అట్టివాటికి 16 ఆంపియర్ల ప్లగ్గు వేరుగా ఉండవలెను.

పొడిగింపు తీగె వాడునప్పుడు:

1. తీగెను చుట్టగా ఉంచి వాడరాదు. చాప క్రింద పరవరాదు. వేడి బయటికి పోదు.

2. మగ్గపు గుంటలో తేమ ఉండును. తేమలో కాళ్లుంచిన మనిషి గుండా కరెంటు సులువుగా భూమిలోకి దిగును. ప్లగ్గు పెట్టెను గుంటకు దూరముగా, పిల్లలకందని ఎత్తున బిగించండి.

3. గంజి చేతులతో స్విచ్చి ముట్టరాదు.

4. ప్లగ్గులపై పేరిన నూలు పీచుకు ఒక్క నిప్పురవ్వ చాలు. వారానికొకసారి మెయిన్ ఆపి పొడిగుడ్డతో తుడవండి.

5. మూడుకాళ్ల ప్లగ్గులో లావుపాటి కాలు ఎర్తుది. దానిని విరిచి వాడరాదు.

30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపు ఆర్.సి.సి.బి. స్విచ్చిని మెయిన్ వద్ద పెట్టించండి. షాకు తగిలినవారిని చేతితో లాగరాదు. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ ఆపనిదే మంటపై నీళ్లు చల్లరాదు.

కాలిన పడుగును మళ్లీ తోడుకొనవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు. లైసెన్సు గల పనివాని చేత ఈ నెలలోనే మీ ఇంటి తీగెలు చూపించుకొనగోరుచున్నాము.

– కార్యదర్శి