నీలి గాజుపై తెల్లని బొమ్మలు

నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లిలో రోమను వెండినాణెములు కుప్పగా దొరికినవి. అవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలమునాటివి. ఆ కాలపు రోమను శ్రీమంతుల విందుబల్లలపై వెండిపాత్రలతోబాటు ఒక వింత గాజుసామగ్రియు ఉండెడిది. నీలి గాజుపై తెల్లని బొమ్మలు చెక్కిన ఆ గిన్నెలను, కూజాలను 'కామియో' పాత్రలందురు.

వానిని చేయుట మిక్కిలి కష్టము. పనివాడు నీలి గాజును బుడగవలె ఊది, అది చల్లారకమునుపే కరగిన తెల్లగాజులో ముంచెడివాడని పండితులు పలువురు తలచుచున్నారు. రెండు గాజులును ఒకే తీరున చల్లారవలెను. లేనిచో పాత్ర పగులును. పిమ్మట శిల్పి తెల్లని పొరను కొంచెము కొంచెముగా చెక్కి బొమ్మలను తీర్చును. పొర పలుచనైన చోట అడుగునున్న నీలిమ నీడవలె తోచును. ఒక్క దెబ్బ తప్పినను శ్రమయంతయు వ్యర్థమే.

పాంపేయి నగరమున దొరికిన ఇట్టి మద్యకలశ మొకటి నేపుల్సు మ్యూజియమున కలదు. దానిపై రెక్కల బాలురు ద్రాక్షపండ్లు కోయుచుందురు. అన్నిటికంటె పేరుగన్నది లండనులోని బ్రిటిషు మ్యూజియమునందలి పోర్ట్‌లండు కలశము.

1845 ఫిబ్రవరి 7వ తేదీన త్రాగిన మత్తులోనున్న యువకు డొకడు రాతిశిల్పమును విసరి ఆ కలశమును ముక్కలు చేసెను. నాటి చట్టమునందు అంతటి విలువగల వస్తువును పగులగొట్టినవానిని శిక్షించు వీలు లేకుండెను. పైనున్న గాజుపెట్టె పగిలినందులకు మాత్రము 3 పౌనుల జుల్మానా విధించిరి. కలశము యజమానియైన ప్రభువు, బీదకుటుంబమును మరింత బాధింప నిచ్చగింపక వ్యాజ్యము వేయలేదు. ఆ యేడే చట్టమును సవరించిరి.

జాన్ డబుల్‌డే అను నిపుణుడు ముక్కల నతికెను గాని 37 చిన్న తునకలు మిగిలిపోయెను. 1948లోను, 1988లోను కలశమును విప్పి మరల కూర్చిరి. 1989 నాటికి ఆ తునకలలో పెక్కు తమతమ చోట్ల చేరినవి.

పగులగొట్టుటకు క్షణము పట్టెను; కూర్చుటకు 144 ఏండ్లు పట్టెను. బాలబాలికలారా! మన లేపాక్షి స్తంభములపై మేకుతో పేరు గీయుటకు చేయి సాచువాని నెవనినైన చూచినచో, ఈ కథ చెప్పి వాని చేయి పట్టుకొనుడు.