సొంత రాష్ట్రం ఓట్లు రాలుస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా పౌరుడు. ఓటు ఒహాయోలో ఉంది, ఈ ఏడాది మాతోనే ఉంటున్నాడు. ఉపాధ్యక్ష అభ్యర్థి ఏ రాష్ట్రంవాడైతే ఆ రాష్ట్రం అతని పార్టీదే అంటాడు. నిజమేనా? ఇక్కడి నుంచి ఓటు వేయొచ్చా?
– ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, ఆ ప్రభావం చాలామంది అనుకునేంత ఉండదు. 2024లో ఒహాయో వాసి జె.డి. వాన్స్ ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలిచారు. కానీ ట్రంప్ అక్కడ 2016లో, 2020లో కూడా గెలిచారు. 2012లో ఉపాధ్యక్ష అభ్యర్థి పాల్ రయన్ సొంత రాష్ట్రం విస్కాన్సిన్ ఆయన పార్టీకి దక్కనే లేదు. జనం చూసేది అధ్యక్ష అభ్యర్థినీ, పార్టీనీ. హోరాహోరీ పోరులో మాత్రం కాస్త మొగ్గు కూడా విలువైనదే.

మన దగ్గర ఉపరాష్ట్రపతిని ఎంపీలే ఎన్నుకుంటారు, అయినా తీరు ఇదే. 2025 సెప్టెంబరులో తెలంగాణకు చెందిన జస్టిస్ సుదర్శన్ రెడ్డి నిలబడ్డా, తెలుగుదేశం, వైసీపీ ఆయన ప్రత్యర్థి రాధాకృష్ణన్‌కే మద్దతిచ్చాయి. బీఆర్ఎస్ దూరంగా ఉంది. 452–300తో రాధాకృష్ణన్ గెలిచారు. తెలుగువారిగా మనకు బాధే, కానీ పార్టీ నిర్ణయమే నెగ్గింది.

మీవాడు ఇక్కడి నుంచి ఓటు వేయొచ్చు. ఫెడరల్ పోస్ట్‌కార్డ్ దరఖాస్తు నింపి, ఒహాయోలో తను చివరగా ఉన్న కౌంటీ ఎన్నికల బోర్డుకు పంపాలి. ఏటా జనవరిలోనే పంపడం మంచిది. పోలింగ్‌కు నెల ముందైనా బ్యాలెట్ అందకపోతే ఆ బోర్డుకు రాయమనండి, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌నూ వెంటనే సంప్రదించమనండి.