పరుగు తీసే చెల్లెళ్ళకు ఒక మాట

చెల్లెళ్ళూ, ఈ నెల మన ముచ్చట కాలేజీలో దూరపు పరుగులు తీసే అమ్మాయిల గురించి. స్కూల్లో కప్పులన్నీ ఇంటికి తెచ్చిన పిల్ల, డిగ్రీ పూర్తయ్యేసరికి గ్రౌండ్ వైపే చూడదు. "బద్ధకం వచ్చింది, శ్రద్ధ పోయింది" అని చుట్టుపక్కల వాళ్ళు తేల్చేస్తారు. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. అలా ఆగిపోయిన వాళ్ళలో చాలామంది చాలినంత తిండి, విశ్రాంతి లేకుండా కష్టపడ్డవాళ్ళే.

అమెరికా కాలేజీల సంగతి చూడండి. శరత్కాలంలో క్రాస్ కంట్రీ, చలికాలంలో ఇండోర్ ట్రాక్, వసంతంలో అవుట్‌డోర్ ట్రాక్. ఒక సీజన్ అలసట తీరకముందే ఇంకోటి మొదలవుతుంది. స్కాలర్‌షిప్పూ జట్టులో చోటూ టైమింగ్ మీదే ఆధారపడతాయి. కొత్తగా చేరిన పిల్ల సీనియర్ల వెనకబడకూడదని, మెల్లగా పరుగెత్తాల్సిన రోజు కూడా పోటీలో ఉన్నట్టే పరుగెడుతుంది. అంతలో ఎవరో "కాస్త బరువు తగ్గితే ఇంకా బాగా వస్తావు" అంటారు. పిల్ల ముద్దలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. కొన్నాళ్ళు టైమింగ్ మెరుగవుతుంది కూడా. అసలు మోసం అక్కడే ఉంది. ఆ కాస్త లాభం చూసి అందరూ మెచ్చుకుంటారు, పిల్ల ఇంకా తగ్గించేస్తుంది.

తర్వాత నెలసరి ఆగిపోతుంది. "పీడా వదిలింది" అనుకోకండి చెల్లీ. ఖర్చయ్యేదానికి సరిపడా తిండి అందక ఒళ్ళు ఒక్కో పనీ ఆపేస్తోందన్నమాట. దాంతో పాటు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి, ఎముక పలచబడుతుంది. పిక్క ఎముకలో, పాదంలో, తుంటిలో సన్నని పగుళ్ళు వస్తాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు తిండి చాలక వచ్చే ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. ఇది మగపిల్లలకూ వస్తుంది. ఎముకలు గట్టిపడే వయసులోనే ఈ నష్టం జరగడం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

మాలీ సైడెల్ కథ చెప్పాలి. నోటర్ డామ్ యూనివర్సిటీ అమ్మాయి. 2015లో పదివేల మీటర్లలోనూ, క్రాస్ కంట్రీలోనూ అమెరికా కాలేజీల ఛాంపియన్. 2016లో ఇండోర్‌లో మరో రెండు టైటిళ్ళు. బయటికి అంతా వెలుగే. లోపల మాత్రం తిండి దగ్గర పెద్ద జబ్బు. ఆ ఏడాదే ఒలింపిక్స్ ట్రయల్స్ వదులుకుని చికిత్సలో చేరింది. ఆ తర్వాత కూడా గాయాలు తప్పలేదు. అయినా 2021లో టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌లో కాంస్యం గెలిచింది, 27 ఏళ్ళ వయసులో. ముందు బాగవడానికి ఒప్పుకోబట్టే ఆమె మళ్ళీ ముందుకొచ్చింది. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి అది ఉన్నట్టు తేలింది. రక్తంలో ఇనుము లేకపోతే కండకు ఆక్సిజన్ చాలదు. కోచ్ ఎంత అరిచినా ఆ పిల్ల కాలు కదలదు.

అందుకే చెబుతున్నాను. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి. ఇనుము ఒంటికి పట్టేలా తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, అన్నం తిన్న వెంటనే టీ తాగకండి. పొద్దున్నే ఖాళీ కడుపుతో గ్రౌండ్‌కి పోకుండా అరటిపండో రెండు ఖర్జూరాలో తినండి. పరుగు అయ్యాక గుడ్లు, అన్నం, పెరుగు, ఏవీ తగ్గించొద్దు. మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, సిగ్గుపడకండి. మెల్లగా పరుగెత్తాల్సిన రోజు పక్కనమ్మాయితో కబుర్లు చెప్పుకోగలిగేంత మెల్లగానే వెళ్ళండి.

అమ్మలకూ కోచ్‌లకూ ఒక్క మనవి. పిల్ల బరువు గురించి పదిమందిలో మాట్లాడకండి. "తిన్నావా, నిద్రపోయావా, నొప్పులేమైనా ఉన్నాయా?" అని అడగండి. దూరపు పరుగులో చాలామందికి మంచి రోజులు ఇరవై ఐదు దాటాకే వస్తాయి. కాలేజీ నాలుగేళ్ళ కోసం ఆ పిల్ల ఒంటిని ఖర్చుపెట్టేయకండి.