కుళాయి నీళ్లు, తెల్లని పొర: ఇంటి వస్తువులకూ, రోగికీ ఏమవుతుంది?

రోగిని ఇంటికి తీసుకువెళ్లే రోజున బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "మాది బోరు నీళ్లు, సిస్టర్. గిన్నెలన్నీ తెల్లగా పొర కడుతున్నాయి. తాగితే కడుపులో కూడా ఇలాగే రాళ్లు కడతాయా? నాన్నగారికి నీళ్లు తగ్గించమంటారా?"

ఈ భయంతో నీళ్లు తగ్గించడమే అసలు ప్రమాదం. కనుక ఈ పాఠంలో విషయాన్ని మొదటినుండి తెలుసుకుందాం.

కఠిన జలం అంటే ఏమిటి?

వాన నీరు రాళ్లు, సున్నపు నేలల గుండా ఇంకేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. అవి ఎక్కువగా ఉన్న నీటిని కఠిన జలం అంటారు. ఇందులో సబ్బు నురగ రాదు, పప్పు త్వరగా ఉడకదు. కృష్ణా, గోదావరి నీటిలో కాఠిన్యం సాధారణంగా బోరు నీటికంటే తక్కువ. కాని చాలా అపార్టుమెంట్లలో రెండూ ఒకే ట్యాంకులో కలుస్తాయి.

ఇంట్లోనే ఇలా చూడవచ్చు. మూతగల సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, కొంచెం సబ్బు తురుము వేసి బాగా కుదపండి. నురగ నిలవకుండా నీళ్లు తెల్లగా విరిగినట్లయితే అది కఠిన జలం. డిటర్జెంటు పొడితో ఈ పరీక్ష తేలదు.

భారత ప్రమాణాల సంస్థ 2012 నాటి ప్రమాణం ప్రకారం తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది.

వస్తువులకు జరిగే నష్టం

నీళ్లు వేడెక్కినప్పుడు కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కాల్షియం కార్బొనేటుగా మారి అడుగున పేరుకుంటుంది. నత్తగుల్లలో ఉండేదీ ఇదే. అందుకే నీళ్లు కాగే వస్తువులే ముందు పాడవుతాయి.

1. గీజరు: కాయిల్‌పై పొర కడితే వేడి నీటికి చేరదు. కరెంటు ఎక్కువ కాలుతుంది, కాయిల్ అతిగా వేడెక్కి పగులుతుంది. పగిలితే నీటిలోకి కరెంటు రావచ్చు. కాబట్టి సరైన ఎర్తింగు, షాకు తగలకముందే కరెంటు ఆపే బ్రేకరు ఉండాలి. స్నానానికి ముందు స్విచ్చి ఆపండి. ఏడాదికొకసారి మెకానిక్‌తో శుభ్రం చేయించి, సేఫ్టీ వాల్వు మూసుకుపోలేదని చూపించుకోండి.

2. కెటిల్: లీటరు నీటికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి మరిగించి, ఆపి అరగంట ఉంచి పారబోయండి. తరువాత రెండుసార్లు మంచినీళ్లు మరిగించి పారబోయండి. నిమ్మ ఉప్పును, వెనిగరును బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపవద్దు. విషవాయువు వస్తుంది.

3. వాషింగ్ మెషిన్, షవరు, ఇస్త్రీపెట్టె: రంధ్రాలు, జల్లెడలు పూడుకుపోతాయి. నెలకొకసారి జల్లెడ తీసి కడగండి.

రోగి వాడే పరికరాలు

ఆక్సిజన్ యంత్రపు నీటి సీసాలో మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోసి, రోజూ మార్చండి. బ్యాటరీలకు అమ్మే నీరు వద్దు. నెబ్యులైజరులో డాక్టరు చెప్పిన మందు, సెలైన్ తప్ప కుళాయి నీళ్లు పోయకూడదు.

డయాలిసిస్ సంగతి వేరు. నాలుగు గంటల చికిత్సలో సుమారు 120 లీటర్ల నీరు పలుచని పొరకు అవతల రక్తం పక్కనుండి ప్రవహిస్తుంది. అది కఠిన జలమైతే వాంతులు, నీరసం, బి.పి. పెరగడం కలుగుతాయి. అందుకే అక్కడ ఆర్.ఓ. పద్ధతిలో శుద్ధి చేసిన నీటినే వాడతారు.

తాగితే రాళ్లు వస్తాయా?

కెటిల్‌లో పొర కట్టేది నీరు మరిగినందువల్ల. మన శరీరంలో నీరు మరగదు. కఠిన జలం తాగడంవల్ల ఆరోగ్యానికి హాని జరుగుతుందని రుజువు కాలేదు. మూత్రపిండాలలో రాళ్లకు ముఖ్య కారణాలలో ఒకటి నీరు తక్కువ తాగడం, మూత్రం చిక్కబడడం. కాబట్టి నీళ్లు తగ్గించవద్దు. గుండె వైఫల్యం, మూత్రపిండాల వైఫల్యం ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి.

మరో రెండు జాగ్రత్తలు. సాఫ్ట్‌నర్ యంత్రం కాల్షియంను తీసి సోడియంను ఇస్తుంది. ఉప్పు తగ్గించమన్న రోగికి ఆ నీరు తాగించేముందు డాక్టరును అడగండి. రెండవది, ఫ్లోరైడు కంటికి కనబడదు. తెల్లని పొర చూసి అది ఉందనీ, లేదనీ చెప్పలేము. కాచినా పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పళ్లకు, ఎముకలకు హాని. కొత్త బోరు వేసినప్పుడు నీటిని తప్పక పరీక్షకు పంపండి.

జ్ఞాపకం ఉంచుకోండి

తెల్లని పొర గీజరుకు శత్రువు, దాన్ని చూసి రోగికి నీళ్లు ఆపకండి. కంటికి కనబడని వాటికోసం నీటి పరీక్ష చేయించండి.

ఇంట్లో చర్చించుకోండి

1. మన గీజరు చివరిసారి ఎప్పుడు శుభ్రం చేయించాం?
2. మన రోగి రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరును అడిగామా?
3. మనం తాగే నీటిలో ఫ్లోరైడు ఎంతో తెలుసా?