పరార్థవాదము – నెల్లూరు తీరము: ఒక పరిశీలనము

'అడ్వొకేటు' శబ్దమునకు లాటిను మూలమున 'తోడ్పాటునకై పిలువబడినవాడు' అని అర్థము. స్కాట్లండు న్యాయస్థానములలో వాదించువానికి నేటికిని అదియే పేరు. ఇంగ్లండులో ఆ పని ప్రధానముగా బారిస్టరుది. అరబ్బీనుండి పారసీకము మీదుగా తెలుగున చేరిన 'వకీలు' అనగా పని అప్పగింపబడినవాడు. భారతదేశమున 1961 నాటి చట్టము న్యాయవాదులను ఒకే తరగతిగా ఏర్పరచినది. ఈ శబ్దములన్నింటికిని ఒక అంశము సమానము: ఒకరు పిలిచిన పిదపనే, లేక అప్పగించిన పిదపనే, వేరొకరు వారి పక్షమున పలుకవలెను.

మన ధర్మశాస్త్రమున నారదుడు ఈ నియమమునే కఠినముగా విధించెను. సోదరుడు, తండ్రి, పుత్రుడు, నియుక్తుడు – వీరిలో ఎవడును కాక ఇతరుల వ్యవహారమున పలుకు 'పరార్థవాది' దండ్యుడని ఆయన మతము. పరుల మేలు కోరుట దోషమని దీని భావము కాదు. నష్టపడువాడు ఒకడు, పలుకువాడు మరొకడు అయినపుడు, ఆ పలుకునకు బాధ్యత ఎవరిదను ప్రశ్న ఇందు కలదు.

తర్కశాస్త్రమున స్వార్థానుమానము తన జ్ఞానమునకు, పరార్థానుమానము ఇతరులకు తెలుపుటకు ఉద్దేశింపబడినవి. అచ్చట 'స్వార్థ' శబ్దమున నేటి తెలుగులోని నింద లేదు. నెల్లూరు మండలమున తీరమునకు పడమరనున్న మెట్టసీమలోని దూబగుంట దీనికి చక్కని దృష్టాంతము. అక్షరదీపము కార్యక్రమమున 'సీతమ్మ కథ' చదివిన స్త్రీలు అందు తమ బ్రతుకునే చూచుకొనిరి. 1992లో వర్ధినేని రోశమ్మ మున్నగువారు సారాను ఎదిరించిరి. జిల్లాలో సారా వేలములు పలుమార్లు వాయిదాపడెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. బాధితులే వాదులైనందున ఇచ్చట నియోగ ప్రశ్న పుట్టలేదు.

తీరమున రొయ్యల చెరువుల విషయము వేరు. చెరువుల ఉప్పునీరు ఊటబావులకును వరిపొలములకును చేరుట, జాలరులకు కడలిదారి మూసుకొనుట ఆనాటి ఫిర్యాదులు. తమిళనాటి సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యము ఆంధ్ర తీరమునకును వర్తించెను. 1981 నాటి ఎస్.పి. గుప్తా తీర్పు, స్వయముగా కోర్టుకెక్కలేని వారి పక్షమున ఇతరులు వ్యాజ్యము వేయవచ్చునని అంగీకరించియుండెను. నారదుడు దండ్యుడన్న పరార్థవాదికి ఇట్లు ద్వారము తెరువబడెను. 1996 డిసెంబరు 11న న్యాయస్థానము, సంప్రదాయ పద్ధతుల చెరువులు తప్ప, నియంత్రిత తీరమండలమునందలి చెరువులను తొలగింపుమని ఆదేశించెను. తరువాత 2005లో పార్లమెంటు తీర జలసాగు ప్రాధికారసంస్థ చట్టము చేసి, నమోదు పద్ధతిపై సాగును అనుమతించెను.

చెరువులనే నమ్ముకొన్న రైతులును కూలీలును అదే తీరమున కలరు. కావున 'పరుల' అర్థము ఒక్కటి కాదు. ఎవరి అర్థమని అడుగక తప్పదు. నియోగము లేకున్నను వాదము నేడు చెల్లును. అయినను ఎవరి పక్షమున పలుకుచున్నాడో వారికి జవాబుదారి కావలెనను నారదుని ఆశయము మాత్రము చెల్లిపోలేదు.